గ్రిల్ అసలుదా, తర్వాత గుద్దిందా? ముందు స్టాంపును బోర్లా వేయండి

"పాత అమెరికా స్టాంపు కొన్నాను, అమ్మినాయన గ్రిల్ ఉందన్నాడు, అది అసలుదో కాదో ఎలా తెలుస్తుంది?" అనేగా మీ ప్రశ్న. గ్రిల్ అంటే స్టాంపు కాగితం మీద వరసగా నొక్కిన చిన్న చిన్న గుంటల గడి. ముందే చెబుతున్నా, ఫొటో చూసి "అసలుదే" అనేవాళ్ల మాట నమ్మకండి. స్కానర్ వెలుతురు నేరుగా పడుతుంది కాబట్టి గుంటలన్నీ మాయమైపోతాయి. వాట్సాప్ గ్రూపుల్లో రోజూ ఇదే గోల. ముందువైపు మసక ఫొటో ఒకటి పడేసి "విలువెంత సార్?" అంటారు. వెనకవైపు చూపించమంటే అలుగుతారు.

గ్రిల్ రకాలకు ఏ, బీ, సీ అని ఇంగ్లీషు అక్షరాలే పేర్లు. 2024 జూన్‌లో జెడ్ రకం గ్రిల్ ఉన్న ఒక సెంటు స్టాంపు వేలంలో దాదాపు 44 లక్షల డాలర్లు పలికింది. అప్పటి నుంచి ఈ పిచ్చి ముదిరింది. లోకంలో తెలిసినవి రెండే రెండు, రెండోది న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీ సొత్తు. మూడోది తన అల్మారాలో ఉందని మాత్రం ప్రతివాడికీ అనుమానం.

ఆ వార్త వచ్చిన కొత్తలో, ఇక్కడ న్యూజెర్సీలో కొడుకు దగ్గర ఉంటున్న గుంటూరు పెద్దాయన ఒకరు స్టాక్‌బుక్ పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆన్‌లైన్‌లో కొన్న, ఫ్రాంక్లిన్ బొమ్మ ఉన్న నీలం రంగు ఒక సెంటు స్టాంపు. "బాబూ, ఇది గనక జెడ్ అయితే మనవరాలి చదువు ఖర్చు వెళ్లిపోయినట్టే" అన్నారు. నేను పెద్ద లైటు ఆర్పేసి, టేబుల్ లాంపు బాగా పక్కకు వంచి, స్టాంపును ట్వీజర్లతో బోర్లా వేశాను.

చూడగానే అనుమానం వచ్చింది, గ్రిల్ మరీ బాగుంది! నూటయాభై ఏళ్లు ఆల్బముల్లో నలిగి, నీళ్లలో నాని, బరువు కింద ఆరిన కాగితం మీద ప్రతి చుక్కా ఒకే లోతున నిలబడి ఉంటుందా? కొలిచాను. జెడ్ అయితే సుమారు 11 బై 14 మిల్లీమీటర్లు, 'ఈ' రకం అయితే 11 బై 13, ఎఫ్ అయితే 9 బై 13 ఉండాలి. ఇది వెడల్పు 10, ఎత్తు 15, ఏ లెక్కకూ అందలేదు. లూప్ (చిన్న భూతద్దం) పెట్టి చూస్తే ఒక్కో చుక్క కొసన సన్నటి గీత కనిపించాలి, జెడ్‌కి అడ్డంగా, 'ఈ'కీ ఎఫ్‌కీ నిలువుగా. ఆయనదానికి ఆ గీతే లేదు. గోనెసంచి కుట్టే దబ్బనంతో పొడిచినట్టు గుండ్రటి గుంటలు.

అన్నిటికన్నా గట్టి సాక్ష్యం సిరా. వాడిన స్టాంపు మీది తపాలా ముద్ర కడిగేసి మళ్లీ అంటించే ఘనులు ఆ రోజుల్లో ఉండేవారు. వాళ్లకు అడ్డుకట్టగా స్టాంపులు అచ్చువేసే నేషనల్ బ్యాంక్ నోట్ కంపెనీలో పనిచేసే చార్లెస్ స్టీల్ 1867లో గ్రిల్‌కి పేటెంట్ తీసుకున్నాడు. గ్రిల్ నొక్కినప్పుడు కాగితం పోగులు చిట్లితే ముద్ర సిరా లోపలికి ఇంకిపోతుంది, కడిగినా పోదు. పెద్దాయన స్టాంపులో చిట్లిన చోటల్లా లోపలి కాగితం తెల్లగా మెరుస్తోంది. అంటే ముద్ర ముందు పడింది, గుంటలు తర్వాత దిగాయి. నా మటుకు నాకు కేసు అక్కడితో తేలిపోయింది.

ఆయన మాత్రం ఒప్పుకోలేదు. "ఆ మిషన్లలోనే తేడాలుండేవేమో బాబూ" అన్నారు. నా మూడు సెంట్ల ఎఫ్ గ్రిల్ తీసి పక్కన పెట్టాను. రెంటినీ లాంపు కింద అటూ ఇటూ తిప్పి, "ఇదెంతకి కొన్నావ్?" అని అడిగారు. నాలుగైదు డాలర్లని చెప్పాను. టీ తాగి, తన స్టాంపును మళ్లీ భద్రంగా కవర్లో పెట్టుకుని వెళ్లారు.

మీరు చేయాల్సిందీ అదే, పక్కన పెట్టి పోల్చడానికి ముందు చవకైన అసలుది ఒకటి కొనండి. మూడు సెంట్ల ఎఫ్ కొనండి, లేదా 1869 నాటి రైలింజన్ స్టాంపు. ఆ ఇంజన్ స్టాంపు మీద ఉండేది జీ గ్రిల్, ఇంచుమించు చదరం. దానితో తంటా ఇంకో రకం. గ్రిల్ అణిగిపోయిన స్టాంపును "గ్రిల్ లేని అరుదైన రకం" అని అమ్ముతారు. నల్ల తొట్టెలో వేసి రెండు చుక్కలు వాటర్‌మార్క్ ఫ్లూయిడ్ (కాగితంలోని నీటిగుర్తు చూడ్డానికి వాడే ద్రవం) పోస్తే అణిగిన గ్రిల్ చాలాసార్లు బయటపడుతుంది. కిటికీ తీసి పెట్టుకోండి, పొయ్యి దరిదాపుల్లో వద్దు. వెనక పాత హింజ్ (ఆల్బంలో స్టాంపు అంటించే కాగితం పట్టీ) ముక్కలు మిగిలుంటే వాటి కింద ఏముందో తేలేదాకా డబ్బు ఇవ్వకండి.

ఇంకో తిక్క చూశాను. 'ఏ' గ్రిల్ అంటే ఫస్ట్ క్లాసు, తర్వాతవి సెకండ్ క్లాసు అనుకుంటారు! ఆ అక్షరాలు కంపెనీ పెట్టినవి కావు, చాలా ఏళ్ల తర్వాత విలియం స్టీవెన్సన్ అనే స్టాంపుల సేకరణకర్త పెట్టాడు. నాణ్యతతో వాటికి సంబంధమే లేదు. ఏ, బీ, సీ గ్రిల్స్‌లో మొనలు స్టాంపు ముందువైపుకు లేస్తాయి, మిగతావాటిలో వెనకవైపుకు. ఇది తెలిస్తే చాలు, సగం నకిలీలు అక్కడే రాలిపోతాయి. వందల డాలర్ల సరుకైతే స్టాంపులు పరీక్షించే న్యూయార్క్‌లోని ఫిలాటెలిక్ ఫౌండేషన్ సర్టిఫికెట్ లేకుండా ముట్టుకోవద్దు. సర్టిఫికెట్ మీది ఫొటోలో అంచు పళ్లు, తపాలా ముద్ర మీ స్టాంపుతో కలుస్తున్నాయో లేదో సరిచూసుకోండి.

నన్నడిగితే గ్రిల్ మోజు తీరడానికి అమెరికా స్టాంపులే అక్కర్లేదు. అదే కంపెనీ 1870లలో పెరూ దేశానికీ గ్రిల్ కొట్టి స్టాంపులు ఇచ్చింది. చవక, చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి, వాటికి దొంగ గ్రిల్ గుద్దే ఓపిక ఎవడికీ లేదు. చిలీతో యుద్ధం నాటి ఓవర్‌ప్రింట్లు (స్టాంపు మీద తర్వాత అచ్చేసిన గుర్తులు) ఉన్నవాటి జోలికి మాత్రం పోవద్దు, అక్కడ నకిలీల జాతర వేరేగా జరుగుతోంది.