తేదీ వాళ్లే వేశారు, వెళ్లి తీరాలా?

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 53 ఏళ్లు. ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు. రొమ్ము క్యాన్సర్ స్క్రీనింగ్‌కు రమ్మని ఉత్తరం వచ్చింది. తేదీ, టైమూ వాళ్లే వేసేశారు. వివరాల కోసం ఫోన్ చేస్తే "అందరూ చేయించుకుంటున్నారు, మీకేంటండీ అనుమానం?" అన్నారు. మా అమ్మాయేమో నిర్లక్ష్యం చేయొద్దంటోంది. వద్దనే హక్కు నాకుందా?

జవాబు: ఉందమ్మా. జబ్బు చేసి మనంతట మనం డాక్టరు దగ్గరికి వెళ్లడం వేరు, ఏ బాధా లేనివాళ్లను పిలిచి పరీక్ష చేయడం వేరు. పిలిచినవాళ్లే అన్నీ విప్పి చెప్పాలి. తేదీ వేసి పంపడం తప్పు కాదు గానీ, దాంతో మీరు ఒప్పుకున్నట్టు కాదు.

ఫోన్‌లో మీకు చెప్పాల్సింది ఇది. 2012లో బ్రిటన్‌లో ఒక స్వతంత్ర నిపుణుల బృందం లెక్కగట్టింది. 50 ఏళ్ల మహిళలు 10,000 మందిని 20 ఏళ్ల పాటు ఈ స్క్రీనింగ్‌లో చేసే మామోగ్రామ్‌కు (రొమ్ము ఎక్స్‌రేకు) పిలుస్తూ ఉంటే, 43 మందికి రొమ్ము క్యాన్సర్ చావు తప్పుతుంది. మరో 129 మందిలో మాత్రం, పరీక్షే చేయకపోతే బతికినన్నాళ్లూ బయటపడని క్యాన్సర్ దొరుకుతుంది. ఏది ముదురుతుందో ముందే తేల్చలేం కాబట్టి వాళ్లకూ ఆపరేషన్ లాంటి చికిత్సలు చేసేస్తారు. ఇక అనుమానంతో మళ్లీ పిలిపించి, బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) దాకా తీసుకెళ్లి, చివరికి ఏమీ లేదని ఇంటికి పంపేసే కేసులు వేరే. ఆ మధ్య రోజుల టెన్షన్ ఎవరు లెక్కేస్తారు? పోస్టర్ల మీద మొదటి అంకె గురించే గొప్పగా రాస్తారు, రెండోది మింగేస్తారు. నాకు ఒళ్లు మండేది అక్కడే.

ఈ లెక్క విన్నాక కూడా "ఆ 43 మందిలో నేనుండొచ్చుగా" అని వెళ్లేవాళ్లున్నారు. అది న్యాయమే. 129కి భయపడి మానేసినా న్యాయమే. కానీ మీ అమ్మగారికో, అక్కచెల్లెళ్లకో ఈ జబ్బు వచ్చి ఉంటే ఈ సగటు లెక్క మీకు సరిపోదు, విడిగా డాక్టరుతో మాట్లాడండి. రొమ్ములో చేతికి గడ్డ తగిలినా, చనుమొన నుంచి రక్తం వచ్చినా ఆ ఉత్తరం సంగతి పక్కనపెట్టి వెంటనే వెళ్లాలి.

అక్కడికక్కడే కన్సెంట్ ఫారం మీద సంతకం పెట్టమంటే, ఇంటికి తీసుకెళ్లి చదువుకుంటాననండి. వద్దనుకుంటే ఫోన్ చేసి తేదీ రద్దు చేయించండి, ఇంకొకరికి పనికొస్తుంది. వద్దన్నారని మిగతా వైద్యం ఆపకూడదు. మనసు మారితే తర్వాతైనా అడిగి వెళ్లొచ్చు. ఈలోగా మీ అమ్మాయికి ఆ రెండు అంకెలూ చూపించండి.