ఆటలోని గెలాక్సీలో అసలు నక్షత్రాలెన్ని, అల్లినవెన్ని?

ఎలైట్ డేంజరస్ వంటి అంతరిక్ష కంప్యూటరు ఆటల్లోని నక్షత్రాలు ఖగోళ శాస్త్రజ్ఞుల నక్షత్ర పట్టికల నుంచి వచ్చినవా, కంప్యూటరు కల్పించినవా అని అడిగారు. రెండూ ఉన్నాయి, కానీ నిజమైన వాటి వాటా అత్యల్పం. 2014లో విడుదలైన ఆ ఆటలో సుమారు 40,000 కోట్ల నక్షత్ర వ్యవస్థలుంటే, పట్టికల నుంచి తీసుకున్నవి లక్షన్నర ప్రాంతంలోనే ఉంటాయి.

ఆ కొద్దిపాటి అసలు సమాచారంతోనే ఎంత చిక్కు ఉందో నాకు స్వయంగా తెలిసివచ్చింది. కొన్నేళ్ల క్రితం తార్నాకలో అద్దెగదిలో ఉండగా, హిప్పార్కస్ అనే ఉపగ్రహం కొలిచిన పట్టికలోని 1,18,218 నక్షత్రాలను త్రిమితీయ పటంగా చూపే చిన్న ప్రోగ్రాము రాసుకున్నాను. పారలాక్స్ (భూమి సూర్యుడి చుట్టూ తిరిగేటప్పుడు నక్షత్రం జరిగినట్టు కనిపించే కోణం) విలువతో ఒకటిని భాగిస్తే దూరం వస్తుంది కదా అనే ధీమాతో మొదలుపెడితే, సూర్యుడి చుట్టుపక్కల అంతా కుదురుగానే వచ్చింది గాని, దూరం పెరిగేకొద్దీ చుక్కలు పలచబడి, కృత్తికల గుంపు సైతం సూర్యుడి వైపు చాచిన వేలిలా సాగిపోయింది. కొన్ని వేల నక్షత్రాలకు పారలాక్స్ ఋణ సంఖ్యగా ఉంది. రెండు ఆదివారాలు నా కోడ్‌లోనే తప్పు వెతికాను. తప్పు అక్కడ లేదు. ఆ ఉపగ్రహపు కొలతలో 1 మిల్లీ ఆర్క్ సెకను (డిగ్రీలో 36 లక్షల వంతు) అటూ ఇటూ కావడం మామూలే కాబట్టి, 2 మిల్లీ ఆర్క్ సెకన్ల పారలాక్స్ ఉన్న నక్షత్రం లెక్క ప్రకారం 1,630 కాంతి సంవత్సరాల దూరంలో ఉన్నా, నిజానికి 1,090 నుంచి 3,260 మధ్య ఎక్కడైనా ఉండవచ్చు.

నా దృష్టిలో ఇంతకంటే పెద్ద చిక్కు వెలుగుది. వందల కాంతి సంవత్సరాల దూరంలోని ప్రకాశవంతమైన రైజెల్ నక్షత్రం పట్టికకు సులువుగా ఎక్కుతుంది, 6.5 కాంతి సంవత్సరాల దూరంలోని లూమన్ 16 అనే మసక జంట మాత్రం 2013 దాకా ఎవరి కంటా పడలేదు. గెలాక్సీలో నాలుగింట మూడు వంతులు మసకబారిన అరుణ మరుగుజ్జులే (చిన్న ఎర్ర నక్షత్రాలే) కనుక, పట్టికను ఉన్నదున్నట్టు వాడితే మహాకాయ నక్షత్రాలతో కిక్కిరిసిన అబద్ధపు ఆకాశం తయారవుతుంది. అందుకే ఒక ప్రాంతంలో ఎంత ద్రవ్యరాశి ఉండాలో అంచనా వేసి, తెలిసిన నక్షత్రాలను అందులోంచి తీసివేసి, మిగిలినదాన్ని మసక నక్షత్రాలతో నింపడమే సరైన పద్ధతి. 130 కోట్లకు పైగా పారలాక్స్‌లు ఇచ్చిన గాయా ఉపగ్రహపు సమాచారం 2018లో, అంటే ఈ ఆట వచ్చాకే, వెలువడింది.

మన హైదరాబాదువారికి ఒక చిన్న ముచ్చట. 1908లో బేగంపేటకు మారిన నిజామియా వేధశాల, అంతర్జాతీయ ఆకాశ పటంలో భాగంగా ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీని ఫొటో పలకలపై కొలిచింది. ఆ పటంలోని పాత స్థానాలను హిప్పార్కస్ ఉపగ్రహపు స్థానాలతో పోల్చి నక్షత్రాల కదలికను లెక్కగట్టినదే 2000 నాటి టైకో-2 పట్టిక.

ఆటలో పేరు హిప్ (హిప్పార్కస్) అనో, హెచ్‌డీ (హెన్రీ డ్రేపర్ పట్టిక) అనో మొదలై పక్కన సంఖ్య ఉంటే అది పట్టికలోని నక్షత్రం. అయితే దాని చుట్టూ తిరిగే గ్రహాలు కూడా నిజమైనవని మాత్రం అనుకోకండి.