సోషియాలజీ చదివేవాళ్లకు ఆల్ఫా కప్పా డెల్టా సభ్యత్వం అవసరమా, క్లబ్ చాలదా?

అమెరికాలో సోషియాలజీ మేజర్, క్రిమినల్ జస్టిస్ మైనర్ చదువుతున్నానని, ఆల్ఫా కప్పా డెల్టా (బాగా చదివే సోషియాలజీ విద్యార్థులను చేర్చుకునే హానర్ సొసైటీ) నుంచి ఆహ్వానం వచ్చిందని, ఫీజు కట్టి చేరాలా, డిపార్ట్‌మెంట్ క్లబ్ సరిపోతుందా అని అడిగారు. నేనూ అక్కడ ఇదే కాంబినేషన్ చదివాను. మన తెలుగు విద్యార్థుల్లో ఎక్కువమంది కంప్యూటర్ సైన్స్ వాళ్లే కాబట్టి ఇలాంటివి అడుగుదామంటే మనిషి దొరకడం కష్టం. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

ఆల్ఫా కప్పా డెల్టా నిఖార్సైన సంస్థే. 1920లో యూనివర్సిటీ ఆఫ్ సదరన్ కాలిఫోర్నియాలో ఎమరీ బొగార్డస్ మొదలుపెట్టారు. మూడో ఏడాదికి వచ్చి, సోషియాలజీలో కనీసం నాలుగు కోర్సులు చేసి, మొత్తం మీద జీపీఏ బాగున్నవాళ్లను తీసుకుంటారు. క్రిమినల్ జస్టిస్‌కు ఇలాంటిదే ఆల్ఫా ఫై సిగ్మా, 1942లో వాషింగ్టన్ స్టేట్‌లో పుట్టింది. పేరు వినని సొసైటీ ఏదైనా ఈమెయిల్ పంపి డబ్బు కట్టమంటే మాత్రం, మీ క్యాంపస్‌లో దానికి చాప్టర్ (శాఖ) ఉందా, సలహాదారుగా ప్రొఫెసర్ ఎవరైనా ఉన్నారా అని చూడండి. రెండూ లేకపోతే వదిలేయండి.

సభ్యత్వం ఉంటే ఫెడరల్ ప్రభుత్వ ఉద్యోగంలో జీఎస్-5 అనే జీతం గ్రేడుకు బదులు, పై గ్రేడు జీఎస్-7లో చేరొచ్చని చెబుతారు. అది నిజమే. కానీ 3.0 జీపీఏ ఉన్నా అదే అర్హత వస్తుంది, అది మీకు ఎలాగూ ఉండే ఉంటుంది. పైగా ఆ ఉద్యోగాలు దాదాపు అన్నీ అమెరికా పౌరులకే. మీరు ఎఫ్-1 (విద్యార్థి) వీసా మీద ఉంటే దీన్ని లెక్కలోకి తీసుకోకండి. సొసైటీ వల్ల అసలు లాభం పరిశోధన పేపర్ల పోటీ, సోషియాలజీ సభలకు వెళ్లే అవకాశం. పీహెచ్‌డీ ఆలోచన ఉంటే తప్పకుండా చేరండి.

క్లబ్ సంగతి వేరు. నన్ను మనిషిగా మార్చింది అదే. మా క్లబ్ వాళ్లం కౌంటీ కోర్టుకు వెళ్లి వెనక బెంచీల్లో కూర్చునేవాళ్లం. ఎవరైనా వెళ్లి చూడొచ్చు, అనుమతి అక్కర్లేదు. అమెరికాలో శిక్ష పడే క్రిమినల్ కేసుల్లో 90 శాతానికి పైగా విచారణ లేకుండానే, నేరం ఒప్పుకోవడంతోనే ముగుస్తాయని పుస్తకంలో చదివాను. కోర్టులో కూర్చుంటే అది ఎలా జరుగుతుందో కళ్లకు కట్టింది. జడ్జి వరసగా ప్రశ్నలు వేస్తారు, నిందితుడు అన్నిటికీ "అవును" అంటాడు, లాయరు మరో ఫైలు తీస్తాడు, అంతే. వాళ్లలో ఎంతమంది బెయిలు కట్టలేక జైల్లో ఉండి ఒప్పుకుంటున్నారో అన్న ప్రశ్న నాకు అక్కడే పుట్టింది. నా థీసిస్ దాని మీదే రాశాను.

ఇన్‌సైడ్-ఔట్ కోర్సు గురించి చెప్పింది కూడా క్లబ్‌లోని ఒక సీనియర్ అక్కే. 1997లో టెంపుల్ యూనివర్సిటీలో లోరీ పొంపా మొదలుపెట్టిన ఈ కోర్సులో బయటి విద్యార్థులు, జైల్లోని విద్యార్థులు ఒకే గదిలో గుండ్రంగా కూర్చుని సెమిస్టరంతా కలిసి చదువుతారు. మీ యూనివర్సిటీలో ఉందేమో కనుక్కోండి. ఇంట్లోవాళ్లు జైలు అనగానే టెన్షన్ పడతారు, మా అమ్మ కూడా పడింది. ప్రొఫెసర్ వెంటే ఉంటారని, నియమాలు కట్టుదిట్టంగా ఉంటాయని ముందే నెమ్మదిగా చెప్పండి.

క్రిమినల్ జస్టిస్ వైపు లాంబ్డా ఆల్ఫా ఎప్సిలాన్ అనే సంఘం కూడా ఉంది. వాళ్ల పోటీల్లో రాతపరీక్ష, క్రైమ్ సీన్ పరిశీలనతో పాటు తుపాకీ కాల్చే విభాగం ఉంటుంది. ఎఫ్-1 వాళ్లు దాని జోలికి వెళ్లొద్దు, కొద్దిపాటి మినహాయింపులు తప్ప ఫెడరల్ చట్టం తుపాకీ పట్టుకోనివ్వదు. మిగతా విభాగాల్లో పాల్గొనొచ్చు. అలాగే క్లబ్ ద్వారా జీతం వచ్చే ఇంటర్న్‌షిప్ దొరికితే, మొదటి రోజు పనికి వెళ్లేలోపే సీపీటీ (చదువులో భాగంగా పని చేయడానికి ఎఫ్-1 వాళ్లకు ఇచ్చే) అనుమతి మీ చేతిలో ఉండాలి.

మీ పరిస్థితిలో నేనైతే ఈ సెమిస్టర్‌లోనే క్లబ్ మీటింగ్‌కు వెళ్లి, ఏదో ఒక చిన్న బాధ్యత తీసుకుంటాను. రేపు రికమెండేషన్ లెటర్ రాసే ప్రొఫెసర్‌కు మీ మార్కులు కాక మీరు తెలిసేది అక్కడే. ఆల్ఫా కప్పా డెల్టాలో కూడా చేరండి, కానీ ఫీజు కట్టే ముందు చాప్టర్ సలహాదారును ఒక్క మాట అడగండి. కొన్ని డిపార్ట్‌మెంట్లు ఆ ఫీజు తామే కడతాయి.