మొటిమల గుంటలకు ఏ పీల్ మంచిది?

"రెండు నెలల్లో పెళ్లి. బుగ్గల మీద మొటిమల తాలూకు గుంటలున్నాయి. గ్లైకోలిక్, సాలిసిలిక్, టీసీఏ పీల్స్‌లో దేనితో త్వరగా పోతాయి?" అని మీరు అడిగారు. పీల్ అంటే ముఖానికి యాసిడ్ పూసి చర్మం పైపొర ఊడేలా చేయడం. టీసీఏ అంటే ట్రైక్లోరోఎసిటిక్ యాసిడ్.

ముందే చెప్పేస్తున్నాను, పెళ్లిలోపు ఏదీ వద్దు. ఆరేళ్ల క్రితం ఇలాంటి తొందరలోనే నేను ముఖం పాడుచేసుకున్నాను.

మాది విజయవాడ. ఇంటర్‌లో మొదలైన మొటిమలు డిగ్రీ అయ్యేసరికి తగ్గాయి గానీ, రెండు బుగ్గల మీదా సూదితో పొడిచినట్టు గుంటలు మిగిలాయి. పెళ్లిచూపులు ఖాయం కాగానే అమ్మకు టెన్షన్ పట్టుకుంది. ఇంటి దగ్గర్లోని ఒక స్కిన్ క్లినిక్‌కి వెళ్లాం. డాక్టర్ కనిపించింది రెండు నిమిషాలు. మిగతా అరగంటా మాట్లాడింది ప్యాకేజీలు అమ్మే అమ్మాయే. "చెరకులో ఉండే యాసిడే మేడమ్, పూర్తిగా న్యాచురల్" అంటూ గ్లైకోలిక్ పీల్ అంటగట్టింది. ఆరు సిట్టింగులు, పదిహేను వేలు, ముందే కట్టాలి. అది ఏప్రిల్ నెల. రోజూ ఎండలో బండి మీద ఆఫీసుకు వెళ్తానని చెప్పినా ఎవరూ పట్టించుకోలేదు.

రెండో సిట్టింగులో మంటగా ఉందని రెండుసార్లు చెప్పాను. "కాసేపు ఓర్చుకోండి" అన్నారు. గ్లైకోలిక్ యాసిడ్‌ని టైము చూసుకుని కడిగేయాలనీ, సోడా లాంటి దానితో విరుగుడు చేయాలనీ, లేకపోతే అది లోపలికి దిగుతూనే ఉంటుందనీ నాకు అప్పుడు తెలియదు. వారం తిరిగేసరికి బుగ్గ ఎముకల మీద, దవడ వెంట మంగు వచ్చినట్టు నల్లటి మరకలు. గుంటలు మాత్రం ఎక్కడివక్కడే. ఆ మరకలు పోవడానికి ఏడు నెలలు పట్టింది. మన చామనఛాయ చర్మానికి మంట తగిలితే చాలు, రంగు ఎక్కువగా ఊరి నల్లబడుతుంది. ఎండ దాన్ని ఇంకా పెంచుతుంది. ఆ సంగతి డబ్బు కట్టించుకునే ముందు చెప్పాలి కదా!

తర్వాత ఒక సర్కారు ఆసుపత్రిలో చర్మవ్యాధుల డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాను. ఆవిడ మొదటి ప్రశ్న, "మెడికల్ షాపులో అడిగి ఏ క్రీమైనా రాశావా?" మా పిన్ని కూతురు అలాగే స్టెరాయిడ్ కలిసిన క్రీము ఫెయిర్‌నెస్ క్రీమనుకుని ఏడాది రాసి, చర్మం పలచబడి, ఎర్రబడి, మొటిమలు రెట్టింపై ఏడ్చింది. 2018లో ప్రభుత్వం అలాంటి స్టెరాయిడ్ క్రీములను డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలని నిబంధన తెచ్చింది. అయినా అడిగితే ఇచ్చే షాపులు ఇంకా ఉన్నాయి. నాకు దీనిమీద చాలా కోపం.

డాక్టరమ్మ నా బుగ్గను రెండు వేళ్లతో సాగదీసి చూశారు. సాగదీస్తే సమమైపోయే గుంటలు వేరట, అవి లోపల నరం పట్టినట్టు అతుక్కుని ఉంటాయి. వాటికి సూది పెట్టి ఆ అతుకు విడదీయాలి. పైన ఏ యాసిడ్ పూసినా లాభం లేదు. నావి సాగదీసినా పోని సన్నటి లోతైన గుంటలు. "మొహమంతా పూసే పీల్ మచ్చకు పనికొస్తుంది, ఇంత లోతు గుంటకు కాదు" అన్నారు. సాలిసిలిక్, గ్లైకోలిక్ పైపొర దాకానే పనిచేస్తాయి. మొటిమలు తగ్గిన చోట మిగిలిన నల్ల మచ్చలకు అవి మంచివే, నేను కాదనను.

నాకు చేసింది టీసీఏ క్రాస్, అంటే మొహమంతా పూయకుండా ఒక్కో గుంటలోనే గాఢమైన టీసీఏ పెట్టడం. 2002లో కొరియా డాక్టర్లు రాసిన పద్ధతి, వాళ్లు 65 శాతం, 100 శాతం టీసీఏ వాడారు. నాకు 50 శాతంతో మొదలుపెట్టారు. అంతకుముందు మూడు వారాలు రాత్రిపూట ఒక క్రీము, పగలు సన్‌స్క్రీన్ రాయించారు.

ఆ రోజు బాగా గుర్తుంది. చెక్క టూత్‌పిక్ మొన యాసిడ్‌లో ముంచి, సీసా అంచుకు ఆనించి ఎక్కువైంది తీసేసి, ఒక్కో గుంటలో నిలువుగా దించి నొక్కారు. "ఏడవకు, కన్నీళ్లు జారి యాసిడ్ పక్కకు పాకితే ప్రమాదం" అన్నారు. పచ్చిమిరపకాయ రాసినంత మంట, ఒక నిమిషం. అద్దం ఇస్తే చూసుకున్నాను, గుంట గుంటకూ సున్నం చుక్క పెట్టినట్టు తెల్లగా ఉంది. లెక్కపెడితే ఇరవై మూడు. మూడో రోజుకి అవి ఆవగింజల్లాంటి పెచ్చులయ్యాయి. "ఆటలమ్మ పోసినట్టుందే!" అని అమ్మ పసుపు గిన్నె పట్టుకొచ్చింది. చేయి పట్టుకుని ఆపాను. పెచ్చు దానంతటదే రాలాలి, గిల్లకూడదు, డాక్టర్ చెప్పింది తప్ప ఏమీ పూయకూడదు. ఎనిమిదో రోజుకి రాలిపోయి గులాబీ రంగు చుక్కలు మిగిలాయి. యాసిడ్ గుంట గోడల్ని కాల్చితే, మానేటప్పుడు అక్కడ కొత్త కొల్లాజెన్ (చర్మానికి పట్టు ఇచ్చే ప్రోటీన్) పుట్టి అడుగు నుంచి పైకి పూడుతుంది. అది వారాల్లో కాదు, నెలల్లో జరిగే పని.

ఆరు వారాలకోసారి నాలుగు సిట్టింగులు చేశారు. సగానికి పైగా పూడాయి. ముక్కు పక్కది ఒకటి మాత్రం కాస్త వెడల్పయింది, ఆ రిస్కు ఉందని ముందే చెప్పారు. పూర్తిగా నున్నగా అవుతుందని ఎవరైనా మాటిస్తే ఆ క్లినిక్ మెట్లు దిగి వచ్చేయండి.

ఇంకొక్క మాట. ఆన్‌లైన్‌లో టీసీఏ సీసాలు అమ్ముతున్నారు. దయచేసి ఇంట్లో ముట్టుకోవద్దు. ఒక్క చుక్క పక్కకు పడితే కొత్త గుంట పడొచ్చు. గర్భంతో ఉన్నా, మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్నా డాక్టర్‌కి తప్పకుండా చెప్పండి.

మీకు రెండు నెలలే ఉన్నాయి కాబట్టి ఇప్పుడు సన్‌స్క్రీన్ రాయండి, కొత్త మొటిమలు రాకుండా మందు వాడండి, గిల్లకండి. పెళ్లయ్యాక, కార్తీకంలో ఎండ మెత్తబడ్డాక, చర్మవ్యాధుల డాక్టర్‌కి బుగ్గ సాగదీసి చూపించుకుని మొదలుపెట్టండి.