ఫిజిక్స్ చదివిన అమ్మాయికి క్యాన్సర్ ఆసుపత్రిలో పని ఉందా?

ప్రశ్న: మాది పలమనేరు. పాప తిరుపతిలో బీఎస్సీ ఫిజిక్స్ ఆఖరి సంవత్సరం. మా అమ్మకు గొంతు క్యాన్సరని కరెంటు (రేడియేషన్) పెట్టించాం. జబ్బు తగ్గింది గానీ నోరు ఎండిపోయి ముద్ద దిగడం లేదు. అది చూసి పాప, ఇలా కాకుండా చూసే చదువు చదువుతానంటోంది. మేం బీఈడీ అనుకున్నాం. రేడియేషన్ దగ్గర ఆడపిల్లను పనికి పంపొచ్చా?

జవాబు: పంపొచ్చండీ. పాప అడుగుతున్న చదువు మెడికల్ ఫిజిక్స్. ఎంత రేడియేషన్ డోసు ఇవ్వాలో ఆంకాలజిస్టు, అంటే క్యాన్సర్ డాక్టరు, నిర్ణయిస్తారు. అది గడ్డకు పూర్తిగా అంది, చుట్టూ ఉన్న మంచి కణజాలానికి వీలైనంత తక్కువ తగిలేలా లెక్క కట్టి, సరిచూసే బాధ్యత మెడికల్ ఫిజిసిస్టుది.

మీ అమ్మగారి బాధే తీసుకోండి. లాలాజలం ఊరించే పెరోటిడ్ గ్రంథులు చెవుల కింద ఉంటాయి. వాటికి చేరే సగటు డోసు సుమారు 26 గ్రేలు (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలమానం) దాటకపోతే నోటి తడి తిరిగొచ్చే అవకాశం బాగా పెరుగుతుంది. ఐఎంఆర్‌టీ అనే రేడియేషన్ పద్ధతిలో కిరణాల తీవ్రతను చోటుచోటుకూ మార్చి ఆ గ్రంథులను కాపాడే ప్రయత్నం చేస్తారు. గడ్డ వాటిని ఆనుకునే ఉంటే ఎంత నేర్పున్నా పూర్తిగా తప్పించలేరు. అందుకని అమ్మగారి విషయంలో ఎవరో తప్పు చేశారని అనుకోకండి. ఎడమ రొమ్ము క్యాన్సరైతే, ఊపిరి నిండా పీల్చి బిగపట్టమంటారు. గుండె కాస్త దూరం జరుగుతుంది, అప్పుడు కిరణం వదులుతారు. మామూలు కిరణాల బదులు ప్రోటాన్ల అనే కణాలు వాడితే, అవి లెక్క కట్టిన లోతులో ఆగిపోతాయి. ఆ చికిత్స 2019 నుంచి చెన్నైలోనే ఉంది.

ఈ పనిలో అజాగ్రత్త ప్రాణం తీస్తుంది. 1985-87 మధ్య అమెరికా, కెనడాల్లో థెరాక్-25 అనే రేడియేషన్ చికిత్స యంత్రం సాఫ్ట్‌వేర్ లోపాల వల్ల కనీసం ఆరుగురికి మితిమీరిన డోసు ఇచ్చింది, కొందరు చనిపోయారు. అందుకే రోజూ మొదటి రోగి రాకముందే యంత్రం ఎంత డోసు ఇస్తోందో కొలిచి చూస్తారు. పాపకు ఓపిగ్గా లెక్క సరిచూసే అలవాటుంటే ఈ పని ఆమెదే.

ఇక మీ భయం. చికిత్స సాగేటప్పుడు సిబ్బంది మందపాటి కాంక్రీటు గోడల బయటే ఉంటారు. ఒంటి మీది టీఎల్‌డీ బ్యాడ్జి డోసును నమోదు చేస్తుంది. రేడియేషన్ భద్రతను చూసే కేంద్ర సంస్థ ఏఈఆర్‌బీ సిబ్బందికి పెట్టిన పరిమితి ఐదేళ్ల సగటున ఏడాదికి 20 మిల్లీసీవర్ట్‌లు (ఒంటికి తగిలే రేడియేషన్ కొలమానం). గర్భిణులకు నియమాలు ఇంకా కఠినం.

దారి కొంచెం పొడవే. ఎస్వీయూలోనో మరోచోటో ఎంఎస్సీ ఫిజిక్స్ రెండేళ్లు, ముంబైలోని అణు పరిశోధన కేంద్రం బార్క్‌లో రేడియోలాజికల్ ఫిజిక్స్ డిప్లొమా ఒక ఏడాది, ఆపైన ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్. నేరుగా ఎంఎస్సీ మెడికల్ ఫిజిక్స్ చేరాలంటే ఆ కోర్సుకు ఏఈఆర్‌బీ గుర్తింపు ఉందో లేదో చూడకుండా ఫీజు కట్టకండి. తిరుపతిలోనే స్విమ్స్ ఆసుపత్రి, అలిపిరి దగ్గర టాటా ట్రస్టుల క్యాన్సర్ ఆసుపత్రి ఉన్నాయి. పక్కనే వేలూరు సీఎంసీ. అయినా పోస్టులు తక్కువ కాబట్టి మొదటి ఉద్యోగానికి ఊరు దాటడానికి సిద్ధపడాలి.

బీఈడీ మాట ఇప్పుడు వద్దు. ముందు ఎంఎస్సీ ప్రవేశ పరీక్ష పీజీసెట్ రాయించండి. ఈలోగా అమ్మగారిని చెకప్‌కు తీసుకెళ్లేటప్పుడు పాపనూ వెంట తీసుకెళ్లి, అక్కడి ఫిజిసిస్టుతో ఒక పావుగంట మాట్లాడనివ్వండి.