యోసెమిటీ అడవిలో రెండు రాత్రులు: బేర్ క్యానిస్టర్‌లో మన తిండి పడుతుందా?

అమెరికాలోని కాలిఫోర్నియాలో ఉన్న యోసెమిటీ నేషనల్ పార్కుకు వెళ్తున్న ఇద్దరికి, రెండు రాత్రులకు ఒక్క బేర్ క్యానిస్టర్ (ఎలుగు తెరవలేని, తిండి దాచే గట్టి డబ్బా) చాలా, మన వంటలు పట్టుకెళ్లొచ్చా అని అడిగారు. 11.5 లీటర్ల బేర్‌వాల్ట్ 500 మోడల్ డబ్బా ఒకటి చాలు. కాకపోతే ఏం తినాలన్నది డబ్బాను ఎదురుగా పెట్టుకుని తేల్చుకోండి.

మనిషికి రోజుకు 700 గ్రాముల పొడి సరుకు లెక్కేసుకోండి. మొదటి రోజు మధ్యాహ్న భోజనం నడక మొదలుపెట్టకముందే ముగిస్తే ఆ మేరకు చోటు మిగులుతుంది. పచ్చి కందిపప్పు అసలు వద్దు. 3,000 మీటర్ల ఎత్తున నీళ్లు దాదాపు 90 డిగ్రీలకే మరుగుతాయి, గ్యాసంతా అయిపోయినా పప్పు పలుకుగానే ఉంటుంది. ఇంట్లోనే నేతిలో వేయించి, పోపు కలిపి ఉంచుకున్న ఉప్మా రవ్వ, అటుకులు, పాలపొడి బాగా పనికొస్తాయి. ఆవకాయ మీద మనసు లాగుతుంది, నిజమే. కానీ నూనె కారి బ్యాగుకు పట్టిందంటే ఆ వాసన ఓ పట్టాన పోదు. దాని బదులు కందిపొడి, కరివేపాకు పొడి తీసుకెళ్లండి.

అన్నిటినీ జిప్ కవర్లలోకి మార్చి గాలి పిండేయండి. చిప్స్ ప్యాకెట్లలో సగం గాలే. మూడో రోజువి అడుగున, మొదటి రాత్రివి పైన. టూత్‌పేస్టు, సన్‌స్క్రీన్, సబ్బు, లిప్‌బామ్, తిన్నాక మిగిలే చెత్త కూడా డబ్బాలోకే వెళ్లాలి. చాలామందికి మూత పట్టనిది ఇక్కడే, కాబట్టి పైన నాలుగు వేళ్ల చోటు ముందే వదలండి. చలికి వేళ్లు మొద్దుబారితే మూత నొక్కు దిగదు. పాత క్రెడిట్ కార్డు అంచుతో నొక్కి తిప్పండి.

రాత్రి డబ్బాను టెంటుకు కనీసం 30 మీటర్ల దూరంలో, చదునైన నేల మీద పెట్టండి. ఎలుగు దాన్ని దొర్లిస్తుంది, అందుకే వాగు పక్కన, లోయ అంచున వద్దు. తాడు కట్టకండి, కడితే ఈడ్చుకుపోవడానికి పట్టు దొరుకుతుంది. తిండిని చెట్టుకు వేలాడదీయడం అక్కడ నిషేధం. చీకటి పడ్డాక కారులో తినేవేవీ ఉంచకూడదు. మిగిలినవి ట్రెయిల్ మొదట్లో ఉండే ఇనుప లాకర్లలో పెట్టండి.

అక్కడివి నల్ల ఎలుగులే. దగ్గరికొస్తే పరుగెత్తకుండా, అందరూ ఒకచోట నిలబడి గట్టిగా అరవండి. బేర్ స్ప్రే (ఎలుగు మీద కొట్టే ఘాటైన మిరప స్ప్రే) కొనకండి, ఆ పార్కులోకి తీసుకురానివ్వరు. ఒకసారి తిండి దొరికిన ఎలుగు మళ్లీ మళ్లీ మనుషుల దగ్గరికే వస్తుంది, చివరికి దాన్ని చంపాల్సిన పరిస్థితి కూడా రావచ్చు. అందుకే గిన్నె కలుపుతున్న ఆ రెండు నిమిషాలు కూడా మూత తెరిచి వదలొద్దు.

రాత్రి బసకు ఏడాది పొడవునా వైల్డర్‌నెస్ పర్మిట్ తప్పనిసరి. అది తీసుకునే కౌంటర్‌లోనే క్యానిస్టర్ అద్దెకిస్తారు, కొనక్కర్లేదు.