మారథాన్ తర్వాతి నెల: మేనల్లుడికి ఒక ఉత్తరం

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

హైదరాబాద్ మారథాన్ పూర్తి చేసి వారమైనా తిరగకముందే, కాళ్ల నొప్పులు తగ్గాయి కనుక ఈ ఆదివారం మీ బృందంతో లాంగ్ రన్‌కు వెళ్లవచ్చా అని అడిగావు. వెళ్లవద్దు. ఎందుకు వద్దంటున్నానో కొంచెం వివరంగా రాస్తున్నాను.

42.195 కిలోమీటర్లు ఎక్కడ పరుగెత్తినా కష్టమే గాని, మన నగరంలో దానికి ఫ్లైఓవర్లు, జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాలు, ఆగస్టు నెల ఉక్క తోడవుతాయి. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తుంది కాబట్టి అందరూ ఎక్కడాన్నే తిట్టుకుంటారు. తొడ కండరాలను ఎక్కువగా దెబ్బతీసేది మాత్రం దిగడమే. దిగేటప్పుడు ఆ కండరాలు ఒకవైపు సాగుతూనే మరోవైపు బిగుసుకుని శరీరం బరువును ఆపవలసి రావడంతో వాటి పోగుల్లో సూక్ష్మమైన చీలికలు ఏర్పడతాయి. ఆ నొప్పి రెండో మూడో రోజున బాగా పెరిగి, తర్వాత క్రమంగా తగ్గుతుంది. ఖర్చయిపోయిన గ్లైకోజెన్, అంటే కండరాల్లో నిల్వ ఉండే పిండిపదార్థం కూడా, కడుపునిండా అన్నం తింటే, రెండు మూడు రోజుల్లో చాలావరకు తిరిగి చేరుతుంది. నీకిప్పుడు హాయిగా ఉండటానికి కారణం ఇదే. అయితే నొప్పి పోయిన తర్వాత కూడా కండరం లోపలి మరమ్మతు సాగుతూనే ఉంటుంది. కండరాన్ని ఎముకకు కలిపే, రక్తప్రసరణ తక్కువగా ఉండే స్నాయువులకు, దెబ్బతిన్న ఎముకకు అంతకన్నా ఎక్కువ కాలం పడుతుంది. అందుకే నాకు మొదటి వారం కన్నా రెండో వారమంటేనే భయం. ఊపిరి, ఉత్సాహం అప్పటికి సిద్ధంగా ఉంటాయి, మడమ వెనుక స్నాయువు సిద్ధంగా ఉండదు.

మొదటి వారమంతా పరుగు మానేసి, రోజూ ఇరవై ముప్ఫై నిమిషాలు నడువు, బాగా నిద్రపో. నొప్పులకని ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ వంటి మాత్రలు నీ అంతట నువ్వు వేసుకోవద్దు; ఒంట్లో నీరు తగ్గి ఉన్నప్పుడు అవి మూత్రపిండాలకు హాని చేయగలవు. మూత్రం టీ డికాక్షన్ రంగులో వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. నల్లబడిన కాలిగోరు గురించి రాశావు, నొప్పి గాని చీము గాని లేకపోతే దాన్ని వదిలెయ్యి.

రెండో వారంలో రోజు విడిచి రోజు ఇరవై నుంచి ముప్ఫై నిమిషాలు, వీలైతే మట్టిదారి మీద, పక్కవాడితో పూర్తి వాక్యాల్లో మాట్లాడగలిగే వేగంతో పరుగెత్తు. దూరం, పేస్ (కిలోమీటరుకు పట్టే సమయం) చూసుకోవద్దు. పరుగులు నలుగురితో పంచుకునే స్ట్రావా యాప్‌లో ఆ నెమ్మది పరుగు చూసి నలుగురూ ఏమనుకుంటారోనని బెంగగా ఉంటే, దాన్ని అక్కడ పెట్టకుండా ఉండే స్వేచ్ఛ నీకుంది. మర్నాడు ఉదయం మెట్లు దిగుతున్నప్పుడు తొడలు పట్టేసినట్లున్నా, లేవగానే నాడి మామూలు కన్నా బాగా ఎక్కువగా కొట్టుకుంటున్నా, ఆ రోజు నడకతో సరిపెట్టుకో. మూడో వారంలో నాలుగు రోజులు పరుగెత్తవచ్చు, అందులో అన్నిటికన్నా పొడవైన పరుగు కూడా గంటకు మించకూడదు. నాలుగో వారంలో నీ మామూలు దూరంలో మూడింట రెండు వంతులకు చేరితే బాగా కోలుకున్నట్లే. టెంపో (ఆగకుండా ఒకే జోరుతో సాగే పరుగు), ఇంటర్వల్స్ (మధ్యమధ్య విరామాలతో చేసే వేగపు పరుగులు) ఆ తర్వాతి మాట. మైలుకు ఒక రోజు చొప్పున, అంటే మారథాన్‌కు 26 రోజులు, వేగపు పరుగు జోలికి పోవద్దన్న లెక్కను న్యూజిలాండ్ రన్నర్ జాక్ ఫాస్టర్ పేరుతో చెబుతారు. 1974 కామన్వెల్త్ క్రీడల మారథాన్‌లో 41 ఏళ్ల వయసులో రజతం గెలిచిన మనిషి ఆయన. అది శాస్త్ర నియమం కాకపోయినా, పాటించినవారు నష్టపోవడం నేను చూడలేదు.

రెండు కాళ్లలోనూ ఒకేలా ఉండే బరువు, బిగువు సహజమే. ఎముక మీద వేలితో చూపించగలిగేంత ఒకేచోట నొప్పి ఉండి, పరుగెత్తే కొద్దీ పెరుగుతుంటే మాత్రం వెంటనే ఆగిపోయి ఎముకల వైద్యుణ్ణి కలవాలి. ఒక పిక్క మాత్రమే వాచి వేడిగా ఉంటే, అందులోనూ దూర ప్రయాణం చేసి ఉంటే, రక్తం గడ్డకట్టిందేమోనన్న అనుమానంతో అదే రోజు వైద్యుడికి చూపించు.

జనవరిలో ముంబై మారథాన్ పరుగెత్తాలన్న నీ కోరికకు నేను అడ్డు చెప్పను. ఆగస్టు చివర నుంచి అప్పటికి ఇంచుమించు ఇరవై వారాలు ఉంటాయి. ఈ నాలుగూ పోను మిగిలే పదహారు వారాలు మంచి శిక్షణకు సరిపోతాయి. దరఖాస్తు ఇప్పుడే చేసుకో, శిక్షణ పట్టిక మాత్రం అయిదో వారం నుంచి రాసి నాకు పంపు, చూసి చెబుతాను.

ఇట్లు,
మీ మామయ్య